చివరి డోసు ఎప్పుడు? రక్తం పలచబడే మందులు వాడే రోగిని నర్సుగా చూసుకోవడం ఎలా

ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది సంగతి. నైట్ డ్యూటీలో ఉండగా, బాత్‌రూమ్‌లో జారిపడ్డ ఒక పెద్దాయన్ను తీసుకొచ్చారు. నుదుటి మీద చిన్న బొప్పి తప్ప ఇంకేం లేదు. మనిషి చక్కగా మాట్లాడుతున్నాడు. డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసి బీపీ, పల్స్ అన్నీ చెప్పాను. చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు, "రక్తం పలచబడే మాత్రేదో వాడుతున్నారట సార్" అన్నాను. అటునుంచి రెండే ప్రశ్నలు: "ఏ మాత్ర? చివరి డోసు ఎప్పుడు?" నా దగ్గర జవాబు లేదు. కొడుకును అడిగితే "గుండెకి వేసుకునే చిన్న మాత్రండీ" అన్నాడు. ఇంటికి ఫోన్ చేయించి, మందుల కవర్ వెతికించి, స్ట్రిప్ మీద పేరు చదివించేసరికి ముప్పావు గంట పోయింది. అదృష్టం బాగుండి స్కాన్‌లో ఏమీ రాలేదు. లోపల రక్తస్రావమే అయ్యుంటే ఆ ముప్పావు గంట నా ఖాతాలోనే పడేది.

అందుకే ఈ పని నేర్చుకునేవాళ్లకు నేను మందుల పట్టిక కన్నా ముందు ఆ రెండు ప్రశ్నలే నేర్పుతాను. మిగతాదంతా వాటి చుట్టూనే తిరుగుతుంది. కింద రాసిన డోసులు పెద్దవాళ్లకు మామూలుగా వాడేవి. మీ రోగికి మాత్రం డాక్టరు ఆర్డరు, మీ ఆసుపత్రి ప్రోటోకాలే లెక్క.

1. రోగి చేతికి రాగానే నాలుగు సంగతులు రాబట్టండి

ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, దేనికోసం, చివరిసారి ఎన్ని గంటలకు. ఈ నాలుగూ కేస్ షీట్ మొదటి పేజీలో కంటికి కనిపించేలా రాయండి.

"రక్తం పలచబడే మందులు వాడుతున్నారా?" అని అడిగితే సగం మంది సరైన జవాబు చెప్పరు. కొందరికి అది "గుండె మాత్ర", ఇంకొందరికి "వాల్వ్ మాత్ర", కాలిలో గడ్డ వచ్చినవాళ్లకు "కాలి వాపు మాత్ర". ఇంకో చిక్కు కూడా ఉంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌లను కూడా జనం ఇదే పేరుతో పిలుస్తారు. అవి ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకోకుండా చేసేవి. మనం ఇక్కడ మాట్లాడుకునేవి రక్తం గడ్డకట్టే ప్రక్రియనే అడ్డుకునేవి: హెపారిన్, ఎనోక్సాపారిన్, వార్ఫరిన్, అసెనోకౌమరాల్, డాబిగాట్రాన్, రివరోక్సాబాన్, అపిక్సాబాన్, ఎడోక్సాబాన్. రెండు రకాలూ కలిపి వాడుతున్న రోగి దొరికితే మరింత జాగ్రత్త పడాలి, ఎందుకంటే రక్తస్రావం ముప్పు బాగా పెరుగుతుంది. కాబట్టి నోటిమాట నమ్మకండి. స్ట్రిప్ చూపించమనండి, లేకపోతే ఫోటో తెప్పించండి.

"దేనికోసం" అన్నది ఎందుకు? అదే మందు ఆపితే ఎవరికి ఎంత ప్రమాదమో దాన్నిబట్టే తెలుస్తుంది. గుండెలో మెటల్ వాల్వ్ ఉన్న మనిషికి వార్ఫరిన్ నాలుగు రోజులు ఆగిపోతే వాల్వ్ మీదే గడ్డ కట్టొచ్చు. ఆపరేషన్ తర్వాత ముందుజాగ్రత్తగా ఇచ్చే చిన్న డోసు విషయం వేరు. ఒక డోసు మానేయాల్సి వచ్చినప్పుడు డాక్టరును ఎంత తొందరగా లేపాలో నిర్ణయించుకోడానికి ఈ ఒక్క సమాచారం పనికొస్తుంది.

ఇక రోగికి ఒక మాట విడమరిచి చెప్పండి. ఈ మందులు రక్తాన్ని నీళ్లలా పలచన చేయవు, గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తాయి అంతే. "నా రక్తం ఇప్పటికే పలచగా ఉంది, నీరసం కూడా, ఇంకా ఎందుకమ్మా ఈ మాత్ర?" అని అడిగి మానేసినవాళ్లను నేను చూశాను. పేరే వాళ్లను తప్పుదారి పట్టించింది.

2. ప్రతి డోసుకు ముందు ఒక్క నిమిషం ఆగండి

చార్ట్‌లో ఉంది కదా అని చెయ్యి ఆటోమేటిక్‌గా ట్రేలోకి వెళ్లిపోతుంది. అక్కడే ఆపుకోవాలి. హిమోగ్లోబిన్ నిన్నటికీ ఇవాళ్టికీ పడిపోయిందా? ప్లేట్‌లెట్లు ఎన్ని? క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష) పెరిగిందా? బరువు నిజంగా తూచినదా, కంటితో అంచనా వేసినదా? హెపారిన్, ఎనోక్సాపారిన్ డోసులు బరువును బట్టే ఉంటాయి. యాభై కిలోల మనిషిని డెబ్బై అని రాస్తే ఆ తప్పు ప్రతి డోసులోనూ పడుతుంది.

కిడ్నీల సంగతి మరీ ముఖ్యం. డాబిగాట్రాన్‌లో దాదాపు 80 శాతం కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. ఎనోక్సాపారిన్ కూడా కిడ్నీలు దెబ్బతింటే ఒంట్లో పేరుకుంటుంది. కిడ్నీలు ఎంత వేగంగా వడకడుతున్నాయో చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ నిమిషానికి 30 ఎంఎల్ కన్నా తక్కువైతే రోజుకు రెండుసార్లు ఇచ్చే డోసును ఒకసారికి తగ్గిస్తారు. విరేచనాలతో నీరసించిపోయిన ముసలావిడకు మొన్న సరిపోయిన డోసు ఇవాళ ఎక్కువ కావచ్చు. రిపోర్ట్ చూడగానే డాక్టరుకు చెప్పాల్సింది మీరే.

తర్వాత, రాబోయే పనులేమున్నాయో చూడండి. ఆపరేషన్, ఎండోస్కోపీ, వెన్నులో సూది ఏవైనా ఉన్నాయా? ఎపిడ్యూరల్ కాథెటర్ (నొప్పి తగ్గించడానికి వెన్నులో పెట్టే సన్నటి గొట్టం) ఉన్న రోగికి ఎనోక్సాపారిన్ టైమింగ్ ఆటలాడే విషయం కాదు. ముందుజాగ్రత్త డోసు ఇచ్చాక కనీసం 12 గంటలు, పూర్తి డోసు ఇచ్చాక 24 గంటలు గడవనిదే ఆ కాథెటర్‌ను కదిలించరు. తీశాక కూడా కనీసం 4 గంటలు ఆగి తర్వాతి డోసు ఇస్తారు. ఇదిగో, మళ్లీ "చివరి డోసు ఎప్పుడు?" అన్న ప్రశ్నే. ఆ రోగికి కాళ్లు మొద్దుబారినా, బలం తగ్గినా, మూత్రం రాకపోయినా, వెన్ను నొప్పి మొదలైనా వెన్నులో రక్తం చేరి నరాలను నొక్కుతోందేమో అని అనుమానించాలి. అలాంటప్పుడు తెల్లారేదాకా ఆగకండి.

3. హెపారిన్ డ్రిప్: లెక్క మీది, రెండో కన్ను వేరొకరిది

నన్నడిగితే వార్డులో అన్నిటికన్నా భయపడాల్సిన మందు ఇదే. సెలైన్‌లా కనిపిస్తుంది, నీళ్లలా పోతుంది, పంపులో ఒక్క అంకె తప్పితే చాలు.

ఒక లెక్క చూద్దాం. కాలిలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ ఉన్న 60 కిలోల రోగి. మామూలుగా మొదలుపెట్టే డోసు కిలోకు 80 యూనిట్ల బోలస్ (ఒకేసారి ఇచ్చే మొదటి డోసు), ఆపైన గంటకు కిలోకు 18 యూనిట్లు. అంటే బోలస్ 4,800 యూనిట్లు, తర్వాత గంటకు 1,080 యూనిట్లు. ఇంతవరకు ఎవరూ తప్పు చేయరు. 25,000 యూనిట్లను 500 ఎంఎల్‌లో కలిపితే ఒక్కో ఎంఎల్‌లో 50 యూనిట్లు, కాబట్టి పంపు గంటకు 21.6 ఎంఎల్ దగ్గర పెట్టాలి. అదే 25,000 యూనిట్లను 250 ఎంఎల్‌లో కలిపితే ఎంఎల్‌కు 100 యూనిట్లు, పంపు 10.8 దగ్గర పెట్టాలి. నిన్నటి డ్యూటీవాళ్లు ఒకలా కలిపి, ఇవాళ మీరు ఇంకోలా కలిపి, పంపు మీద అంకె మార్చకపోతే రోగికి డోసు రెట్టింపైనా అవుతుంది, సగమైనా అవుతుంది. అందుకే బ్యాగు మార్చిన ప్రతిసారీ "ఒక ఎంఎల్‌లో ఎన్ని యూనిట్లు?" అని పైకే అనుకుని, లేబుల్ మీద రాసి, ఆ తర్వాతే పంపు ముట్టుకోండి.

వయల్స్ కూడా అంతే. ఎంఎల్‌కు 1,000 యూనిట్లవి, 5,000 యూనిట్లవి పక్కపక్కనే ఒకే రకం మూతలతో ఉంటాయి. 2007లో అమెరికాలో సినిమా నటుడు డెన్నిస్ క్వెయిడ్ కవల పసిబిడ్డలకు, ఎంఎల్‌కు 10 యూనిట్లు ఉండే ఫ్లష్ (నరంలో పెట్టిన గొట్టం మూసుకుపోకుండా ఎక్కించేది) బదులు 10,000 యూనిట్లది వెళ్లింది. పిల్లలు బతికి బయటపడ్డారు. అంతకుముందు ఏడాది మరోచోట అదే పొరపాటులో నెలలు నిండని బిడ్డలు చనిపోయారు. ఆ నర్సులెవరికీ చదవడం రాక కాదు. అక్కడ ఎప్పుడూ ఉండే చిన్న డోసు వయలే ఉంటుందని చెయ్యి నమ్మింది.

రెండో మనిషితో చెక్ చేయించడమంటే "అక్కా, 10.8 పెట్టాను, కరెక్టే కదా?" అని అడగడం కాదు. అలా అడిగితే ఎవరైనా "ఆ, కరెక్టే" అంటారు. జవాబు చెప్పకుండా ఆర్డరు, బరువు, బ్యాగు ఇచ్చి వాళ్లను విడిగా లెక్క కట్టమనండి. ఇద్దరికీ ఒకే అంకె వస్తేనే పంపు మొదలవ్వాలి. ఇంకొకటి, "యూనిట్లు" అన్న మాటను పూర్తిగా రాయండి. 10 పక్కన పొట్టిగా ఇంగ్లిష్ అక్షరం "U" పెడితే అది సున్నాలా కనబడి 100 అయిపోయిన సందర్భాలున్నాయి.

మొదలుపెట్టిన 6 గంటలకు, డోసు మార్చిన ప్రతిసారీ మళ్లీ 6 గంటలకు ఏపీటీటీ (రక్తం గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసే పరీక్ష) కోసం రక్తం పంపాలి. చాలాచోట్ల మామూలు విలువకు ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్లు ఉండాలని చూస్తారు, కొన్నిచోట్ల హెపారిన్ ప్రభావాన్ని నేరుగా కొలిచే యాంటీ-టెన్‌ఏ పరీక్ష చేస్తారు. శాంపిల్ తీసేటప్పుడు డ్రిప్ ఎక్కుతున్న చేతి నుంచి తీయకండి. ఆ రిపోర్ట్ రోగి గురించి కాక మీ డ్రిప్ గురించి చెబుతుంది. లేత నీలం మూత ట్యూబులో గీత దాకా రక్తం నిండాలి. అందులో గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ ఒక పాలు, రక్తం తొమ్మిది పాళ్లు ఉండేలా చేసి ఉంటుంది. సగం నింపిన ట్యూబు ఫలితాన్ని తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. నింపాక మెల్లగా మూడు నాలుగుసార్లు తలకిందులు చేస్తే చాలు, కుదపొద్దు.

హెపారిన్ మొదలుపెట్టిన 5 నుంచి 10 రోజుల మధ్య ప్లేట్‌లెట్ల మీద కన్నేయండి. సగానికి పడిపోతే హెపారిన్ వల్ల వచ్చే హిట్ అనే ప్రతిచర్య కావచ్చు. ఇది విచిత్రమైన జబ్బు, ప్లేట్‌లెట్లు తగ్గినా రక్తం కారడం కన్నా కొత్త గడ్డలు కట్టడమే ఎక్కువ. అనుమానం రాగానే డాక్టరుకు చెప్పండి. వాళ్లు ఆపమంటే డ్రిప్ ఒక్కటే కాదు, కాన్యులా ఫ్లష్‌లో వాడే హెపారిన్ చుక్క కూడా ఆపాలి. అందరూ మర్చిపోయేది ఆ ఫ్లష్‌నే.

4. పొట్టకు వేసే ఇంజెక్షన్

ఎనోక్సాపారిన్ నింపిన సిరంజిలో చిన్న గాలి బుడగ ఉంటుంది. మనకు చిన్నప్పటి నుంచి నేర్పింది సిరంజిలో గాలి తీసేయమనే కాబట్టి చెయ్యి ఊరుకోదు. ఇక్కడ మాత్రం సిరంజి మొత్తం డోసు ఇస్తున్నప్పుడు ఆ బుడగను తీయకూడదు, తీయబోతే మందే కారిపోతుంది. డోసు తగ్గించాల్సి వస్తే, ఉదాహరణకు 60 మిల్లీగ్రాముల సిరంజిలోంచి 50 ఇవ్వాలంటే, సూదిని కిందికి పట్టుకుని అదనంగా ఉన్న 0.1 ఎంఎల్ వదిలేయండి. బుడగ పైకి, ప్లంజర్ దగ్గరికి చేరి అక్కడే ఉంటుంది.

రోగిని వెల్లకిలా పడుకోబెట్టండి. బొడ్డుకు కనీసం రెండు అంగుళాల దూరంలో, కుడి పక్కో ఎడమ పక్కో. నిన్న ఏ పక్క వేశారో చార్ట్‌లో చూసి ఇవాళ రెండో పక్కకు వెళ్లండి. పాత మచ్చ, ఆపరేషన్ కుట్టు, కమిలిన చోటు వదిలేయండి. బొటనవేలు, చూపుడు వేలితో చర్మాన్ని మడతలా పట్టుకుని సూదిని నిటారుగా పూర్తిగా దించండి. మడత వదలకుండానే నెమ్మదిగా నొక్కండి. తొందరపడితే నొప్పీ ఎక్కువే, కమిలే మచ్చా పెద్దదే. సూది తీశాక మడత వదిలి, దూదితో ఊరికే అదిమి పట్టండి. రుద్దకండి. రుద్దితే అరచేయంత నల్ల మచ్చ వస్తుంది, మర్నాడు రోగి తాలూకు మనుషులు దాన్ని చూపించి మిమ్మల్నే అడుగుతారు.

ఇంటికెళ్లాక తామే వేసుకోవాల్సినవాళ్లకు ఆసుపత్రిలో ఉండగానే రెండుసార్లయినా మీ కళ్ల ముందు వేయించండి. చూస్తూ నేర్చుకున్నానని చెప్పేవాళ్ల చెయ్యి ఇంటి దగ్గర వణుకుతుంది.

5. వార్ఫరిన్: ఇవాళ్టి మాత్ర ఫలితం ఇవాళ కనబడదు

ఇది విటమిన్ కె పనిని అడ్డుకుని, లివర్ తయారుచేసే కొన్ని గడ్డకట్టించే ఫ్యాక్టర్లను తగ్గిస్తుంది. అప్పటికే రక్తంలో ఉన్న ఫ్యాక్టర్లు ఖర్చయ్యేదాకా పూర్తి ప్రభావం రాదు. రెండు మూడు రోజులకు మొదలై, నిలకడ రావడానికి వారం దాకా పట్టొచ్చు. గడ్డ ఉన్న రోగికి అందుకే మొదట్లో హెపారిన్ లేదా ఎనోక్సాపారిన్ కూడా కలిపి కనీసం 5 రోజులు ఇస్తారు, ఐఎన్‌ఆర్ (వార్ఫరిన్ వాడేవాళ్లలో రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే పరీక్ష) 2 దాటి ఒక రోజైనా నిలిచాకే ఇంజెక్షన్ ఆపుతారు. "మాత్ర మొదలైంది కదా, ఇంక ఇంజెక్షన్ దేనికి?" అని మీరే తీసేయకండి.

ఐఎన్‌ఆర్ చాలామందికి 2 నుంచి 3 మధ్య ఉండాలి. మైట్రల్ స్థానంలో (గుండె ఎడమ గదుల మధ్య) మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకు 2.5 నుంచి 3.5. మాత్రను సాయంత్రం ఇచ్చే అలవాటు ఎందుకంటే, పొద్దున తీసిన ఐఎన్‌ఆర్ రిపోర్ట్ చూసి డాక్టరు అదే రోజు డోసు మార్చగలరు. రిపోర్ట్ రాకుండా సాయంత్రం మాత్ర ఇచ్చేస్తే ఆ ఏర్పాటుకు అర్థమే ఉండదు. డోసును "ఒక మాత్ర, సగం మాత్ర" అని ఎప్పుడూ చెప్పకండి, మిల్లీగ్రాముల్లో చెప్పండి. ఇంటి దగ్గర రెండు రకాల స్ట్రిప్‌లు ఉండొచ్చు, ఏ మాత్రలో సగం అని ఎవరికి తెలుసు?

ఐఎన్‌ఆర్ ఉన్నట్టుండి తారుమారైతే మొదట అడగాల్సింది "ఈ వారం కొత్తగా ఏ మందు మొదలుపెట్టారు?" అని. కోట్రైమోక్సజోల్, మెట్రోనిడజోల్, ఫ్లుకోనజోల్, అమియోడరోన్ ఐఎన్‌ఆర్‌ను పెంచుతాయి. రిఫాంపిసిన్, కార్బమజెపిన్ తగ్గిస్తాయి. ఒళ్లు నొప్పులకు కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఐఎన్‌ఆర్‌లో పెద్దగా కనబడకుండానే కడుపులో రక్తస్రావం తెప్పించగలవు. మూలికల పొడుల గురించి కూడా అడగండి, "అది మందు కాదు కదా" అనుకుని చాలామంది చెప్పరు.

ఆకుకూరల గురించి ఒక దురభిప్రాయం. అవి మానేయమని చెప్పనక్కర్లేదు. విటమిన్ కె ఉన్నవి తినే మోతాదు వారం వారం ఒకేలా ఉంటే చాలు, డోసును దానికి తగ్గట్టే సర్దుతారు. మూడు నెలలు ముట్టకుండా ఉండి ఒక్కసారిగా రోజూ తినడం మొదలుపెడితేనే చిక్కు.

రోగి ఎక్కడో చదివొచ్చి "ఇది ఎలుకల మందటగా సిస్టర్?" అని టెన్షన్ పడితే కొట్టిపారేయకండి, నిజమే మరి. 1920లలో ఉత్తర అమెరికాలో బూజు పట్టిన స్వీట్ క్లోవర్ అనే పశుగ్రాసం తిన్న పశువులు రక్తం కారి చనిపోతుంటే, కారణం వెతుకుతూ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ బృందం దాకా వెళ్లింది కథ. అక్కడ పుట్టిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగానే అమ్మకానికొచ్చింది. 1954లో మనుషులకు వాడేందుకు అనుమతి వచ్చింది, మరుసటి ఏడాది గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు కూడా ఇచ్చారు. ఈ చివరి ముక్క చెబితే చాలామంది నవ్వి మాత్ర వేసుకుంటారు. తేడా అంతా డోసులోనే ఉందని, ఐఎన్‌ఆర్ పరీక్ష అందుకేనని ఆ ఊపులోనే చెప్పేయండి.

గర్భం వచ్చే అవకాశం ఉన్న స్త్రీలకు మాత్రం ముందే హెచ్చరించాలి. వార్ఫరిన్ కడుపులోని బిడ్డకు హాని చేయగలదు. నెల తప్పితే ఆ రోజే డాక్టరుకు చెప్పమనండి.

6. కొత్త మాత్రలు: పరీక్ష లేదంటే పట్టింపు లేదని కాదు

డాబిగాట్రాన్, రివరోక్సాబాన్, అపిక్సాబాన్, ఎడోక్సాబాన్‌లకు ఐఎన్‌ఆర్ చూస్తూ ఉండనక్కర్లేదు. హాయి కదా అనిపిస్తుంది. కానీ ఇవి ఒంట్లోంచి తొందరగా పోతాయి, ఒకటి రెండు డోసులు మానేస్తే రక్షణే ఉండదు. వార్డులో "రోగి స్కాన్‌కి వెళ్లాడు, డోసు ఇవ్వలేదు" అని రాసి వదిలేయకండి. తిరిగొచ్చాక ఇవ్వాలా అని అడగండి.

రివరోక్సాబాన్ 15, 20 మిల్లీగ్రాముల మాత్రలు భోజనంతోనే ఇవ్వాలి, ఖాళీ కడుపున సరిగా ఒంటికి పట్టవు. డాబిగాట్రాన్ క్యాప్సూల్‌ను విప్పకూడదు, నమలకూడదు. లోపలి గింజలు విడిగా మింగితే మందు ఒంటికి ఎక్కే మోతాదు బాగా పెరిగిపోతుంది. ట్యూబ్ ఫీడింగ్ రోగికి ఎవరైనా ఇది రాస్తే ఇవ్వకుండా ఫోన్ చేయండి. దానికి తేమ కూడా పడదు కాబట్టి దాని డబ్బాలోనే ఉంచాలి, వారానికి సరిపడా మాత్రలు సర్దుకునే పెట్టెలో వేయకూడదు. మెటల్ వాల్వ్ ఉన్న రోగి చార్ట్‌లో ఈ నాలుగింటిలో ఏది కనిపించినా ఆగి అడగండి, వాళ్లకు వార్ఫరిన్, అసెనోకౌమరాల్ లాంటివే వాడతారు.

గడ్డ కోసం మొదలుపెట్టినప్పుడు డోసు మారే రోజు ఒకటుంటుంది. అపిక్సాబాన్ 10 మిల్లీగ్రాములు రెండు పూటలా 7 రోజులు, ఆపైన 5. రివరోక్సాబాన్ 15 మిల్లీగ్రాములు రెండు పూటలా 21 రోజులు, ఆపైన 20 రోజుకొకసారి. రోగి డిశ్చార్జ్ అయ్యేది సరిగ్గా మధ్యలో. ఏ తారీఖున మారుతుందో తారీఖు వేసి రాసివ్వండి.

7. రక్తం బయటికి రానప్పుడు కనిపెట్టడం

చిగుళ్లు, ముక్కు, మూత్రం అందరికీ కనిపిస్తాయి. నర్సు కన్ను పడాల్సింది కనపడని చోట. తారులా నల్లటి విరేచనం (ఐరన్ మాత్రలు వాడుతున్నారేమో అడగండి, వాటివల్లా నల్లగా వస్తుంది). ఉన్నట్టుండి వచ్చిన తలనొప్పి, మాట తడబాటు, రోజూ కబుర్లు చెప్పే మనిషి ఇవాళ మగతగా ఉండటం. నడుం పక్కన నొప్పి, దాంతోపాటు బీపీ తగ్గడం ఉంటే పొట్ట వెనకాల రక్తం చేరుతుండొచ్చు. పల్స్ పెరగలేదు కాబట్టి ఫర్వాలేదనుకోకండి, గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ వాడేవాళ్లలో అది పెరగకపోవచ్చు.

తలకు దెబ్బ తగిలితే, ఎంత చిన్నదైనా, మనిషి ఎంత బాగున్నా, ఫోన్ చేయాల్సిందే. మొదటి స్కాన్ బాగున్నా తర్వాత రక్తస్రావం మొదలైనవాళ్లున్నారు, కాబట్టి స్పృహ, కనుపాపలు, చేతులు కాళ్ల బలం ఆర్డరు ప్రకారం చూస్తూనే ఉండండి.

రెండో వైపు కూడా మర్చిపోవద్దు. ఈ మందు వాడేదే గడ్డ భయంతో. ఒక కాలే వాయడం, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం కనిపిస్తే మందు చాలడం లేదేమో, డోసులు తప్పాయేమో అని చూడాలి.

రోజువారీ పనుల్లో కండకు ఇంజెక్షన్లు వీలైనంత వద్దు. రక్తం తీసిన చోట కనీసం 5 నిమిషాలు, ధమనిలో గుచ్చితే 10 నిమిషాలు, మీరే అదిమి పట్టండి. దూది పెట్టి చెయ్యి మడవమంటే లోపల కారుతూనే ఉంటుంది. మెత్తటి బ్రష్, ఎలక్ట్రిక్ రేజర్, రాత్రి బాత్‌రూమ్ దారిలో లైటు.

8. రక్తస్రావం మొదలైతే

తర్వాతి డోసు ఆపండి, డ్రిప్ ఉంటే పంపు ఆపి వెంటనే చెప్పండి. కనిపించే చోట గట్టిగా అదమండి. పెద్ద కాన్యులాలు రెండు, రక్తం గ్రూపింగ్, క్రాస్‌మ్యాచ్, సీబీసీ, గడ్డకట్టే పరీక్షలు. ఫోన్‌లో మొదటి వాక్యంలోనే మందు పేరు, చివరి డోసు టైము చెప్పండి, ఎందుకంటే విరుగుడు దాన్నిబట్టే.

హెపారిన్‌కు ప్రోటమిన్: గత రెండు మూడు గంటల్లో వెళ్లిన ప్రతి 100 యూనిట్లకు 1 మిల్లీగ్రాము, ఒక విడతకు 50 దాటకుండా, చాలా నెమ్మదిగా. తొందరపడి ఎక్కిస్తే బీపీ పడిపోతుంది. ఎనోక్సాపారిన్‌ను ఇది కొంతవరకే అడ్డుకుంటుంది. వార్ఫరిన్‌కు విటమిన్ కె నరం ద్వారా, పలచన చేసి మెల్లగా. అది పనిచేయడానికి గంటలు పడుతుంది కాబట్టి ప్రాణాపాయంలో పీసీసీ (గడ్డకట్టించే ఫ్యాక్టర్లు గాఢంగా ఉండే మందు), అది లేకపోతే ప్లాస్మా కూడా ఇస్తారు. డాబిగాట్రాన్‌కు ఇడారుసిజుమాబ్ 5 గ్రాములు. మిగతా మూడు కొత్త మాత్రలకు చాలాచోట్ల పీసీసీనే వాడతారు. వీటిలో మీ ఆసుపత్రిలో ఏవి ఉన్నాయి, రాత్రిపూట తాళం ఎవరి దగ్గర ఉంటుంది అన్నది ఇవాళే కనుక్కోండి.

ఐఎన్‌ఆర్ 6 వచ్చి రక్తం ఎక్కడా కారకపోతే మాత్రం కంగారు పడనక్కర్లేదు. చాలాసార్లు డోసు ఆపి, మళ్లీ పరీక్ష చేస్తారు అంతే. ఫోన్ మాత్రం అప్పుడే చేయాలి.

9. డ్యూటీ అప్పగించేటప్పుడు, ఇంటికి పంపేటప్పుడు

అప్పగించేటప్పుడు మంచం దగ్గరికే వెళ్లి, పంపు మీది అంకె, బ్యాగు లేబుల్, ఆర్డరు మూడూ ఇద్దరూ కలిసి చదవండి. తర్వాతి ఏపీటీటీ ఎన్ని గంటలకో నోటితో చెప్పండి.

డిశ్చార్జ్ రోజు "అర్థమైందా?" అని అడిగితే అందరూ తలూపుతారు. బదులుగా ఇలా అడిగి చూడండి: "పెద్దమ్మా, రేపు రాత్రి మాత్ర మర్చిపోయారనుకోండి, ఎల్లుండి పొద్దున గుర్తొచ్చింది. ఏం చేస్తారు?" నేను అడిగినవాళ్లలో చాలామంది "రెండూ కలిపి వేసుకుంటాను" అన్నారు. వార్ఫరిన్ అయితే అదే రోజు గుర్తొస్తే వేసుకోవాలి, మర్నాడైతే వదిలేసి మామూలు డోసే వేసుకోవాలి, రెండూ కలపకూడదు. కొత్త మాత్రల్లో ఒక్కోదానికి ఒక్కో పద్ధతి ఉంది, వాళ్లు వాడేదాని సంగతి కాగితం మీద రాసివ్వండి.

పన్ను పీకించుకునే ముందు దంతవైద్యుడికి చెప్పమనండి, చెప్పకుండా తమంతట తామే మందు ఆపేయొద్దనీ చెప్పండి. పర్సులో పెట్టుకునే చిన్న కార్డు మీద మందు పేరు, డోసు, దేనికోసం, ఏ పూట వేసుకుంటారు అన్నవి రాసివ్వండి. వెనక వైపు ఇంట్లో మాత్ర అందించే మనిషి ఫోన్ నంబరు రాయించండి. ఆ పెద్దాయన జేబులో ఆ రోజు అదే లేదు.